పెరట్లోకి తోలించిన మట్టి

మొన్న ఫోన్లో ఇద్దరూ కలిసి అడిగారు, "అమ్మమ్మా, మా బాల్కనీలో మందుల్లేకుండా కూరగాయలు పెంచుదామనుకుంటున్నాం, ప్లాను ఎలా వేసుకోవాలో చెప్పవా" అని. అప్పుడు పొయ్యి మీద పాలున్నాయి. మీ తాతగారు మాత్రల డబ్బా కోసం కేకేస్తున్నారు. తర్వాత చెబుతానని పెట్టేశాను. ఈమధ్య ఫోన్లో చెప్పే ఓపిక కూడా ఉండటం లేదు, కాసేపు మాట్లాడితే గొంతు ఎండిపోతోంది. అందుకని కూర్చుని రాస్తున్నాను. మీకు వచ్చినంత వరకు చదువుకోండి, మిగతాది మీ అమ్మ చేత చదివించుకోండి. పూణేలో తెలుగు మర్చిపోకుండా ఉండటానికి ఇదీ ఒక సాకు.

ప్లాను వేయడం నాకు తెలుసు. కానీ వేసిన ప్లాను ఏమయిందో చెప్పకుండా ప్లాను ఒక్కటే చెబితే మిమ్మల్ని మోసం చేసినట్టవుతుంది. ఈ ఏడాది ఒకరిని మోసం చేశాను, అది చాలు.

మీ తాతగారు ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చింది శివరాత్రికి ముందు. భీమవరంలో తొమ్మిది రోజులున్నాం. గుండె బలహీనపడి ఒంట్లోకి నీరు చేరిందన్నారు. డాక్టరుగారు కుర్రాడే, నెమ్మదిగా చెప్పాడు. "అమ్మా, మందులు మేమిస్తాం. ఉప్పు మాత్రం మీ చేతిలో ఉంది. రోజు మొత్తానికి అర చెంచా దాటకూడదు, అసలు వేయకపోతే ఇంకా మంచిది. పచ్చళ్ళు, అప్పడాలు, వడియాలు, వాటి మాటే వద్దు. బాగా తినాలి, ఉప్పు లేకుండా తినాలి."

బాగా తినాలి, ఉప్పు లేకుండా తినాలి. ఆ రెండూ ఒక కంచంలో కుదరవని ఆ కుర్రాడికి ఎవరు చెబుతారు? మీ తాతగారు అప్పటికే గోడ వైపు తిరిగి పడుకున్నారు.

ఇంటికొచ్చాక మొదలైంది అసలు కష్టం. కంచం ముందు కూర్చునేవారు, ఐదారు ముద్దలు తినేవారు, "చాలు" అని చెయ్యి కడిగేసుకునేవారు. నిమ్మకాయ పిండాను. మిరియాలు దంచి వేశాను. మామిడికాయ, కొత్తిమీర, అల్లం, ఏది దొరికితే అది. "పీచు నమిలినట్టుందే" అనేవారు. తిట్టినా బాగుండేది, తిట్టేవారు కాదు. చేతి గడియారం మోచేతి దాకా జారిపోయేది. లుంగీ ముడి రెండుసార్లు వేసుకునేవారు. నేను కూడా ఉప్పు మానేశాను. "నువ్వెందుకు మానడం?" అన్నారు. "ఇద్దరికీ రెండు కూరలు వండే ఓపిక లేదండీ" అన్నాను. అది నిజమే.

ఒకరోజు బీరకాయ కూర పక్కకి తోసేసి అన్నారు, "ఈ బీరకాయలో బీరకాయే లేదు. మన పెరట్లో కాసినదానికి ఉప్పెందుకే? దాని నీళ్ళే తియ్యగా ఉండేవి."

అది విన్నప్పుడు నాకు వేరే సంగతి గుర్తొచ్చింది. మీకెప్పుడూ చెప్పలేదు. మీ అమ్మ చిన్నప్పుడు మేం గోదావరి లంకలో కౌలుకి చేసేవాళ్ళం, అన్నీ కూరగాయలే. సంతకి పంపే వంకాయకి మీ తాతగారు వారానికి రెండుసార్లు మందు కొట్టేవారు. ఆ చొక్కాలు నేనే ఉతికేదాన్ని, ఎన్నిసార్లు ఉతికినా వాసన పోయేది కాదు. మనింట్లోకి మాత్రం పెరట్లో వేరే పాదులుండేవి. వాటికి మందు పడనిచ్చేదాన్ని కాదు, పొయ్యిలో బూడిద చల్లేదాన్ని. ఊళ్ళోవాళ్ళు తినేదానికి మందు, మనం తినేదానికి బూడిద. చుట్టుపక్కల అందరూ అలాగే చేసేవారు. అందరూ చేసేవారన్నది సమాధానం కాదని ఇప్పుడు తెలుస్తోంది. మనం కొనుక్కుని తింటున్నాం కదా ఇప్పుడు, వేరెవరో మందు కొట్టిన కాయలు.

సరే, ఆ బీరపాదు మళ్ళీ పెడదామనుకున్నాను. తింటారేమోనని. మిగతా తోటంతా దాని చుట్టూ వచ్చిందే.

మీ పిన్ని మాతోనే ఉంటుందని మీరనుకుంటారు గాని, మేమే పిన్ని ఇంట్లో ఉంటున్నాం. ఊరి చివర ప్లాట్లలో కట్టుకున్న ఇల్లు, వెనక రెండు సెంట్ల ఖాళీ. పిన్ని పొద్దున్నే స్కూటీ మీద బడికి వెళ్ళి పాఠాలు చెప్పి సాయంత్రానికి వస్తుంది. తోట అనగానే ఫోన్ పట్టుకుంది.

"అమ్మా, యూట్యూబ్‌లో ఒకావిడ పదిహేను కుండీల్లో ఇంటిల్లిపాదికీ సరిపడా కాయించింది, చూడు."

"ఆవిడ మోకాళ్ళు కూడా చూపించిందా వీడియోలో?" అన్నాను.

"నీ మోకాళ్ళకి కుర్చీ వేస్తాలే. నువ్వు చెప్పు, నేను చేస్తాను."

చేసింది, ఆదివారాలు.

ప్లాను క్యాలెండరు కాగితం చింపి దాని వెనక గీశాను. మీరూ అలాగే మొదలుపెట్టండి. ముందు చూడాల్సింది మొక్కల్ని కాదు, ఎండని. ఒకరోజు ఇంట్లో ఉండి, గంటగంటకీ బాల్కనీలో ఎండ ఎక్కడ పడుతోందో సుద్దముక్కతో గీసుకోండి. మాకు తూర్పున పక్కింటి ప్రహరీ ఉంది, తొమ్మిది దాటితే గాని ఎండ రాదు. అటు బచ్చలి, పుదీనా, కొత్తిమీర. పడమరంతా ఎండే, అటు వంగ, టమాటా, మిరప. వంటింటి నీళ్ళు పోయే చోట చేమ. గట్ల మీద బంతి, పురుగు కొంత అటు పోతుందని. ఎరువుకి డ్రమ్ములో పేడ, ఆవు పంచితం, బెల్లం, శనగపిండి కలిపి పులియబెట్టడం, చీడకి వేపకషాయం. ఇవన్నీ రాసుకున్నాను. మధ్యలో సరుగుడు కర్రల పందిరి, దాని కింద ‘బీర’ అని పెద్ద అక్షరాలతో రాశాను.

పెరడు కొలవడానికి టేపు లేదు. మడమకి బొటనవేలు ఆనించి అడుగులేసుకుంటూ నడుస్తున్నాను. వెనక తలుపు దగ్గర నవారు మంచం మీద మీ తాతగారున్నారు, కళ్ళు మూసుకునే ఉన్నారనుకున్నాను.

"అడుగు తప్పావు. పదకొండు వేసి పది అన్నావు."

వెనక్కి తిరిగి చూశాను. ఆసుపత్రి నుంచి వచ్చాక నేనడక్కుండా ఆయనంతట ఆయన మాట్లాడింది అదే మొదటిసారి.

"అయితే మీరే లెక్కపెట్టండి" అని మళ్ళీ మొదటి నుంచి నడిచాను. మోకాలు నొప్పిగా ఉంది. అయినా నడిచాను.

మర్నాడు ఇంకాస్త మాట్లాడారు. "పందిరి అక్కడ కాదే, పడమటి గాలికి కూలిపోతుంది, గోడ పక్కకి జరుపు" అన్నారు. ఆ మర్నాడు కర్ర పట్టుకుని గుమ్మం దాకా వచ్చి, పక్కన ఆనించిన గునపం ఎత్తలేక ఎత్తి నేల మీద పొడిచారు. ఠంగుమంది.

"ఇది నేలేనా? ఇల్లు కట్టినప్పుడు పోసిన రబ్బీసు, అన్నీ ఇటుకముక్కలే. దీంట్లో బీరపాదు పెడతావా, నా బొంద పెడతావా?"

"అశుభం మాటలెందుకండీ. ఏం చేద్దామంటారు?"

"చెరువు మట్టి తోలించు. మన వీధి చివర చేపల చెరువుంది కదా. వేసవి, ఎండగట్టి ఉంటారు. ఒక ట్రాక్టరు చాలు."

ఆ మధ్యాహ్నం భోజనం దగ్గర ఆ చెరువు మట్టి గురించే మాట్లాడారు. వాళ్ళ నాన్నగారు ఏటా వేసవిలో ఊరి చెరువు ఎండగానే బండి కట్టించేవారట. పొలానికి నలభై బండ్లు, పెరటికి రెండు బండ్లు. బండి మీద తనూ, తడి మట్టిలో కాళ్ళూ. ఆ మట్టి వేసిన ఏడాది ఆనపకాయలు మోయలేక పందిరి వంగిపోయిందట. చెబుతూ చెబుతూ అన్నం కలుపుకున్నారు, మళ్ళీ పెట్టించుకున్నారు, చారు పోయించుకున్నారు. ఉప్పు లేదన్న సంగతి మర్చిపోయారు. నేను గరిటె పట్టుకుని నిలబడి చూస్తున్నాను. కదిలితే ఆగిపోతారేమోనని భయం.

ఇక్కడ నేను చేసిన తప్పు చెప్పాలి.

ఆ వీధి చివర చెరువు చేపల చెరువు కాదు. ఒకప్పుడు అదే, శీలావతులు పెంచేవారు. రెండేళ్ళుగా రొయ్య వేస్తున్నారు. మీ తాతగారు అటు వెళ్ళి మూడేళ్ళు దాటింది, ఆయనకి తెలియదు. నేను పాల కోసం రోజూ ఆ గట్టు మీంచే వెళతాను. రొయ్యలకి గాలి అందడానికి నీళ్ళలో తిరిగే చక్రాలు చూశాను. రొయ్యకి ఉప్పునీళ్ళు కావాలి. బోరు వేసి కింద నుంచి ఆ నీళ్ళు తోడి చెరువు నింపుతారు. పంట పట్టి నీళ్ళు తీసేసినా ఉప్పు అడుగు మట్టిలో ఉండిపోతుంది. ఈ చుట్టుపక్కల ఆడవాళ్ళందరికీ తెలిసిన సంగతి, నాకూ తెలుసు. "అది రొయ్యల చెరువండీ, ఆ మట్టి వద్దు" అనాలి. అంతే, ఆరు మాటలు.

అనలేదు. అంటే ఆ కబుర్లు అక్కడితో ఆగిపోతాయి, కంచం పక్కకి తోస్తారు. ఒక ట్రాక్టరు మట్టిలో ఎంత ఉప్పుంటుందిలే, నాలుగు వానలు పడితే పోతుందిలే అనుకున్నాను. పెళ్ళయిన దగ్గర్నుంచి ఆయన మాటకి ఎదురు చెప్పిన అలవాటూ లేదు. ఇప్పుడు, ఇలాంటప్పుడు, కొత్తగా ఎలా మొదలుపెడతాను?

చెరువు చేసే అబ్బాయి మంచివాడు. మమ్మల్ని అత్తయ్యగారు, మావయ్యగారు అంటాడు. వెళ్ళి అడిగితే తల గోక్కున్నాడు.

"మట్టికేంటండీ అత్తయ్యగారూ, ఎంత కావాలంటే అంత. కానీ మొక్కలకి పనికొత్తదో లేదో. నాలుగు పంటలు రొయ్యేసేసామండి ఇందులో. కొబ్బరి చెట్లకి కూడా ఎవరూ పట్టికెళ్ళట్లేదు."

"తోలించు బాబూ. మావయ్యగారు అడుగుతున్నారు."

"మావయ్యగారికి తెల్సాండి రొయ్యని?"

"తెలుసు" అన్నాను.

"ఆయ్, అయితే సరేనండి. రేపు పొద్దున్నే పంపించేత్తాను."

మట్టి వచ్చింది. నల్లగా, జిగటగా, ఎండకి మెరుస్తూ. మీ తాతగారు గుమ్మంలో కుర్చీ వేయించుకుని చూశారు. పెళ్ళివారి బండి దిగినంత సంబరం ఆయన ముఖంలో. తర్వాత ముక్కు ఎగబీల్చారు.

"వాసనేదో తేడాగా ఉందే."

"చేపల చెరువు వాసనే కదండీ" అన్నాను.

చూశారా, ఎంత సులువుగా వచ్చేసిందో నోటికి. అప్పటిదాకా చెప్పకపోవడం ఒక్కటే. అప్పుడు అబద్ధం కూడా ఆడాను.

వేసవికి కాలవల్లో నీళ్ళు కట్టేసిన రోజులు, వానలు ఇంకా మొదలవలేదు. అయినా ఆగలేకపోయాం. పిన్ని కడియం దగ్గర పెళ్ళికి వెళ్ళి వస్తూ వంగ నారు, టమాటా నారు తెచ్చింది. బీర గింజలు నానబెట్టి నేనే పెట్టాను. కుళాయి నీళ్ళు బిందెలతో పోశాం. నాలుగైదు రోజులు బాగానే ఉన్నాయి. బీర రెండాకులు వేసింది. మీ తాతగారు పొద్దున్నే అడిగేవారు, "ఎన్నాకులే?" అని. నేను చెప్పేదాన్ని. ఆయన తినేవారు. మే నెలాఖరుకి ఆయన గడియారం మోచేతి దాకా వెళ్ళడం మానేసింది.

తర్వాత ఆకుల అంచులు ఎర్రబారాయి, నిప్పు తగిలినట్టు. తెల్లారేసరికి మట్టి మీద తెల్లని పొర పొంగేది, ఎవరో పిండి చల్లినట్టు. ఆయన లేవకముందే నేను లేచేదాన్ని. కొబ్బరిచిప్పతో ఆ తెల్లపొర గీకి, గోతంలో వేసి, గోడవతల పారబోసేదాన్ని. వంగుంటే నడుం పట్టేసేది. లేవాలంటే పందిరి కర్ర పట్టుకునేదాన్ని. మర్నాటికి మళ్ళీ పొంగేది. రోజూ అదే పని.

ఒక్కొక్కటే మొక్క చచ్చిపోతుంటే, నారు అమ్మే బండివాడి దగ్గర కొని ఆ గోతుల్లోనే కొత్తవి పెట్టేదాన్ని. మంచం మీద నుంచి చూసేవారికి తేడా తెలియదు. ఒకసారి పిన్ని చూసింది.

"అమ్మా, నిన్న ఇక్కడ పెద్ద వంగమొక్క ఉండాలి కదా, చిన్నదైపోయిందేంటి?"

"నెమ్మదిగా మాట్లాడు."

"మళ్ళీ మార్చావా? ఇది తోటా, నాటకమా? నాన్నకి చెప్పేయొచ్చు కదా."

"తింటున్నారే" అన్నాను.

పిన్ని స్కూటీ తాళం తీసుకుని వెళ్ళిపోయింది. పిన్నికీ తెలుసు ఆయన తింటున్నారని.

నాకు జ్వరం వచ్చిన రోజు బయటపడింది. పెద్ద జ్వరం కాదు, ఒళ్ళు లేవలేదంతే. కళ్ళు తెరిచేసరికి కిటికీలోంచి ఎండ వచ్చేసింది. పక్క మంచం ఖాళీగా ఉంది. చెప్పులు కూడా వేసుకోకుండా వెళ్ళాను. మీ తాతగారు పందిరి కింద నిలబడి ఉన్నారు, కర్ర మీద బరువంతా వేసి. మెల్లగా వంగారు, ఆ తెల్లపొర మీద వేలు అద్ది, నాలుక మీద పెట్టుకున్నారు. పాతకాలం రైతులు అంతే, మట్టిని చూసి నమ్మరు, రుచి చూస్తారు.

ఉమ్మేశారు. నా వైపు చూశారు.

"రొయ్యల చెరువు మట్టి."

"అవునండీ."

"నీకు తెలుసు."

"తెలుసు."

"ఎప్పట్నుంచి?"

"మీరు చెప్పకముందు నుంచే."

"ఇంతకాలం ఎన్నాకులే అని అడుగుతుంటే చెప్పావు కదే. రోజూ చెప్పావు. నన్ను పిల్లాణ్ణి చేసి ఆడించావు" అన్నారు. గట్టిగా కూడా అనలేదు. ఊడిపోయిన గొళ్ళెంలా వదులుగా ఉంది ఆ గొంతు.

"తింటారని..." అన్నాను.

"తినడం కోసమా?" అని లోపలికి వెళ్ళిపోయారు.

ఆరోజు కంచం పెడితే ముట్టుకోలేదు. రాత్రికి మజ్జిగ తాగి పడుకున్నారు. మర్నాడు కూడా అంతే. పిన్ని బతిమాలింది, "నాన్నా, అమ్మ మీద కోపం అన్నం మీదెందుకు?" అని. ముఖం తిప్పుకున్నారు. నాకు భయం వేసింది. నేను చేసిందంతా ఆయన తినడం కోసం, చివరికి దానివల్లే ఆయన తిండి మానేశారు. డాక్టరుగారికి ఫోన్ చేసి ఏమని చెప్పాలి? మట్టి మీద అలిగి అన్నం మానేశారని చెప్పాలా?

రెండో రోజు సాయంత్రం నేనూ కంచం తీసుకుని ఆయన మంచం పక్కన కింద కూర్చున్నాను. ఏం మాట్లాడాలో అనుకోలేదు. ఓపిక లేక, ఏడుపు కూడా రాక, నోటికొచ్చింది అన్నాను.

"చూడండి. నాకు డెబ్భై రెండేళ్ళు. తెల్లారకుండా లేచి నెల రోజులు మట్టి గీకాను. తప్పే. మీ మాట తప్పని అనడం నాకు చేతకాలేదు, ఎప్పుడూ చేతకాలేదు. కానీ మీరు తిండి మానేసి పడుకుంటే మళ్ళీ ఇంకో నాటకం ఆడే శక్తి నాకు లేదు. ఈసారి నిజంగా లేదండీ. తింటే తినండి."

ఫ్యాన్ తిరుగుతోంది. ఆయన పైకప్పు వైపు చూస్తూ అడిగారు, "కాలవ వదిలారా?"

"మొన్నే వదిలారు. వెనక బోదెలోకి కూడా వచ్చాయి నీళ్ళు."

"మంచినీళ్ళేనా? ముందు రుచి చూసి చెప్పు."

లేచి వెళ్ళాను. బోదె అంటే పొలాల్లోకి పోయే చిన్న కాలవ, మా వెనక గోడవతలే పారుతుంది. దోసిట్లోకి తీసుకుని నోట్లో పోసుకుని పుక్కిలించి ఉమ్మేశాను. గోదావరి నీళ్ళు, కాస్త బురద రుచి, అంతే. వచ్చి చెప్పాను. అప్పుడు చెయ్యి చాపారు కంచం కోసం. ఎక్కువేం తినలేదు.

చౌడు పొలం బాగుచేసే పద్ధతి డెల్టా రైతుకి ఎవరూ నేర్పనక్కర్లేదు. చుట్టూ గట్టు వేసి, కాలవ నీళ్ళు నిండా పెట్టి, మూడు రోజులు నిలవగట్టి, గండి కొట్టి మురుగ్గుంటలోకి వదిలేయడం. ఉప్పు నీళ్ళతో పాటు పోతుంది. మళ్ళీ నింపడం, మళ్ళీ వదలడం. మీ తాతగారు గుమ్మంలో కుర్చీలో కూర్చుని చెప్పారు, పిన్ని బోదెలో చిన్న మోటారు పెట్టి పైపు వేసింది. మూడుసార్లు నింపాం. పందిరి పీకేశాం. బతికున్న నాలుగు వంగ మొక్కల్ని కూడా పీకేశాం. పెరడు చిన్న వరిమడిలా తయారైంది. కప్పలు చేరాయి. బడి నుంచి అలసిపోయి వచ్చి ఆ అరుపుల్లో నిద్రపట్టక పిన్ని పడ్డ బాధ పిన్నికే తెలుసు.

నీళ్ళు తీశాక జీలుగ చల్లాం. పొలంలో పచ్చిరొట్ట ఎరువు కోసం వేసే మొక్క అది, ఉప్పు నేలలో కూడా వస్తుంది. గింజలు కావాలని చెరువు అబ్బాయికి మీ తాతగారే ఫోన్ చేశారు.

"ఏరా, రొయ్యని చెప్పకుండా మట్టి తోలిచ్చేశావేంటి నాకు?"

ఫోన్ స్పీకర్లో ఉంది. "అయ్య బాబోయ్, నన్నంటారేంటండీ మావయ్యగారూ! అత్తయ్యగారిని అడిగేనండి, మీకు తెల్సన్నారు."

"మీ అత్తయ్యగారు అలాగే అంటుంది. ఇకనుంచి ఆవిడేదన్నా చెప్తే నన్నడుగు, నేనేదన్నా చెప్తే ఆవిణ్ణడుగు."

"ఇద్దర్నీ అడిగేసరికి పంట వచ్చేత్తదండి. జీలుగలు ఇంట్లోనే ఉన్నాయండి, కేజీ పంపిత్తాను."

ఆయన నవ్వారు. దగ్గొచ్చింది. నేను వంటింట్లోంచి వింటున్నాను.

జీలుగ నడుమెత్తు వచ్చింది. పూత రాకముందే కోసి, నీళ్ళు పెట్టి, మట్టిలోకి తొక్కాలి. పిన్నీ నేనూ చీరలు ఎగదోపుకుని తొక్కాం. ఒక పూట అనుకున్నది రెండు పూటలు పట్టింది. నేను నాలుగడుగులు వేసి గోడ పట్టుకుని నిలబడేదాన్ని. అది కుళ్ళిన వాసనకి పక్కింటావిడ కిటికీలు మూసుకుంది. కుళ్ళాక తడి ఆరనిచ్చాం. దసరా వెళ్ళిపోయింది. ఇప్పటికి తోటలో ఒక్క కాయ లేదు పిల్లలూ, ఒక్క ఆకు లేదు. నల్లటి ఖాళీ మడి ఉంది. పైన తెల్లపొర మాత్రం రావడం లేదు, నేను ఇప్పుడు తెల్లారి లేచి చూడటం లేదు, మీ తాతగారే కర్ర పట్టుకుని వెళ్ళి చూసొస్తున్నారు. కొన్న కూరగాయలే తింటున్నాం. ఉప్పునీళ్ళలో కాదు గాని పసుపు నీళ్ళలో నానబెట్టి కడుగుతున్నాను. ఆయన కొన్ని రోజులు బాగా తింటున్నారు, కొన్ని రోజులు తినడం లేదు. పోయిన వారం డాక్టరుగారు బరువు చూసి పర్వాలేదన్నాడు. పర్వాలేదంటే బాగుందని కాదు, నాకు తెలుసు.

నిన్న భోజనం దగ్గర అన్నారు, "ఇంక ఆగక్కర్లేదు. బీర పెట్టెయ్. కార్తీకంలో పెడితే సంక్రాంతి దాటేసరికి కాయ దిగుతుంది."

పాత అలవాటు నోటి దాకా వచ్చింది, అలాగేనండీ అని. ఆగాను.

"వద్దండీ" అన్నాను. "ఇప్పుడే బీర వద్దు. ముందు పాలకూర, గోంగూర చల్లుదాం. అవి కాస్త ఉప్పున్నా తట్టుకుంటాయి. అవి అంచులు మాడకుండా వస్తే అప్పుడు బీర. రాకపోతే మళ్ళీ నీళ్ళు పెట్టాల్సిందే."

ఆయన చెయ్యి కంచంలో ఆగిపోయింది. వేళ్ళ మధ్య అన్నం అలాగే ఉంది. లేచిపోతారనుకున్నాను. బీర కోసం ఆయన ఎన్ని నెలలుగా చూస్తున్నారో నాకంటే ఎవరికి తెలుసు? వేసవి దాకా ఆగమని చెబుతున్నాను, వేసవి దాకా ఎవరుంటారో తెలియని మనిషికి. కానీ మళ్ళీ ఇంకో నాలుగాకుల అబద్ధం చెప్పలేను.

"అన్నీ నీకే తెలుసు" అన్నారు.

"అన్నీ తెలియవు. ఇది తెలుసు."

కూర కలిపిన ఆ ముద్ద నోట్లో పెట్టుకున్నారు. నెమ్మదిగా నమిలారు. నా వైపు చూడలేదు. మిగిలిన అన్నం కంచం మధ్యకి జరిపి, గుంట చేసి, "మజ్జిగ పొయ్" అన్నారు.